23 పాయింట్లతో 1 ఇస్పేటు దగ్గర ఆగిపోకుండా: బ్రిడ్జ్‌లో బలమైన చెయ్యిని పార్ట్‌నర్‌కి చెప్పడం ఎలా

పెదవాల్తేరులో మా నాలుగో అంతస్తు బాల్కనీలో పేకాటకి కూచోవాలంటే ఒక చిక్కుంది. తలుపు తీస్తే సముద్రపు గాలికి ముక్కలు ఎగిరిపోతాయి. మూస్తే ఉక్కపోతకి మనుషులే లేచిపోతారు. ఆ ఆదివారం తలుపు సగం మూసి, మధ్యలో ముంత మసాలా పొట్లాలు పెట్టుకుని కూచున్నాం. నేను, బావ ఒక జత. ఎదురింటి మాస్టారు, ఆయన తమ్ముడు ఇంకో జత. ముక్కలు సర్దుకున్నాక నా చెయ్యి ఇదీ:

ఇస్పేటు: ఆసు, రాజు, రాణి, జాకీ, 7, 4
ఆఠీను: ఆసు, రాజు, 4
డైమన్: ఆసు, రాణి, 3
కళావరు: 8

23 పాయింట్లు. గొంతు వణక్కుండా జాగ్రత్తపడి "1 ఇస్పేటు" అన్నాను. మాస్టారు పాస్. బావ పాస్. తమ్ముడుగారూ పాస్. ఆడితే 10 ట్రిక్కులు వచ్చాయి. గేమ్ (ఇస్పేటులో అయితే 10 ట్రిక్కులు తెస్తానన్న 4 ఇస్పేటు) చెప్పి ఉంటే 420 రావలసినచోట మాకు పడింది 170. నేను బావ మీద విరుచుకుపడ్డాను. అతను మాట్లాడకుండా తన ముక్కలు మళ్లీ పరిచాడు:

ఇస్పేటు: 9, 5, 2
ఆఠీను: రాణి, 7, 3, 2
డైమన్: జాకీ, 10, 6, 4
కళావరు: 9, 3

3 పాయింట్లు. "1 ఇస్పేటు అని నువ్వు 12తోనూ అంటావు, 20తోనూ అంటావు. ఈ చేత్తో నేనేం చెప్పాలి?" అన్నాడు. బావ ఉద్యోగమంతా పోర్టులోనే చేసి రిటైరయ్యాడు. అందుకని తర్వాతి మాట కూడా అక్కడిదే వచ్చింది. "ఓడ డ్రాఫ్ట్, అదే నీళ్లలో ఎంత లోతు మునుగుతుందో, గట్టుకి ఆనాక చెప్తే పైలట్ ఏం చేస్తాడు బావా? ఛానల్‌లోకి రాకముందే చెప్పాలి."

తప్పు నాదే. ఆ రాత్రి నుంచి మేమిద్దరం కూచుని, బలమైన చేతుల గురించి ఒప్పందాలు ఒక్కొక్కటే రాసుకున్నాం. ఇది ఆ కాగితాల సారం. బ్రిడ్జ్ ఆడటం వచ్చి, బిడ్డింగ్‌లో తడబడేవాళ్ల కోసం. మేం ఆడేది మామూలు పద్ధతి: 5 ముక్కలుంటేనే ఇస్పేటు, ఆఠీను ఓపెన్ చేస్తాం. 1 నోట్రంప్ (తురుపు లేని ఆట) అంటే 15 నుంచి 17. 2 కళావరు బలమైన చెయ్యి. 2 స్థాయిలో మిగతా సూట్ బిడ్‌లు బలహీనం. క్లబ్బుల్లో అందరూ స్పేడ్, హార్ట్ అనే అంటారు. నాకు అమ్మమ్మ నేర్పిన ఇస్పేటు, ఆఠీనే అలవాటు, ఇక్కడా అవే.

ముందుగా: ఎక్కడ ఖర్చుపెడుతున్నారో చూసుకోండి

1 కళావరు నుంచి 7 నోట్రంప్ దాకా మొత్తం 35 బిడ్‌లు. 3 నోట్రంప్ 15వది. అంటే గేమ్‌కి ముందు ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఉన్నవి 14 మెట్లే. మంచి చెయ్యి రాగానే అందరికీ పైకి దూకాలనిపిస్తుంది. దూకిన ప్రతిసారీ మధ్యలో ఉన్న మెట్లు, వాటితో అడగగలిగిన ప్రశ్నలు పోతాయి.

అందుకే మా మొదటి నియమం వినడానికి తలకిందులుగా ఉంటుంది: ఎంత బలముంటే అంత నెమ్మది. జంప్ చేస్తే దానికి కచ్చితమైన అర్థం ఒకటి ఉండాలి, "ఇన్ని పాయింట్లు, ఈ ఆకారం, అంతే" అన్నట్టు. అర్థం లేని జంప్ వట్టి అరుపు.

పార్ట్‌నర్‌కి కావలసినవి మూడు: బలం ఎంత, ఆకారం ఏమిటి, ఆ బలం ఏ సూట్లలో ఉంది. మూడూ ఒకే బిడ్‌లో చెప్పలేం. మొదటి బిడ్‌లో ఒకటి, రెండో బిడ్‌లో రెండోది. చెయ్యి నిజంగా ఎంతో బయటపడేది ఎక్కువగా ఓపెనర్ రెండో బిడ్‌లోనే. నేర్చుకునేవాళ్లు ఓపెనింగ్ మీద అరగంట ఆలోచించి, రెండో బిడ్‌ని చేతికొచ్చినట్టు వేస్తారు. అసలు పని అక్కడుంది.

ఏది బలమైన చెయ్యి?

ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. పేకలో మొత్తం 40, మనిషికి సగటున 10. గేమ్‌కి ఇద్దరికీ కలిపి 25 దాకా, చిన్న స్లామ్‌కి (12 ట్రిక్కులు) 33, పెద్ద స్లామ్‌కి (మొత్తం 13) 37 కావాలంటారు. నోట్రంప్‌కి ఈ లెక్క బాగా పనిచేస్తుంది. తురుపు కాంట్రాక్టుల్లో ఆకారం దీన్ని తారుమారు చేస్తుంది. కింద 28 పాయింట్ల స్లామ్ ఒకటి చూపిస్తాను.

ఎంత తరచుగా వస్తాయో తెలుసుకోవడం కూడా అవసరం. 22, ఆ పైన పాయింట్లున్న చెయ్యి సుమారు 236 చేతుల్లో ఒకటి. సాయంత్రానికి 24 బోర్డులు (పంపకాలు) ఆడితే పది సాయంత్రాలకి ఒకటి. 20, 21 కలిపి నూటికి ఒకటి. అదే 16 నుంచి 19 దాకా ఉన్న చేతులు నూటికి 8కి పైనే, అంటే 22 పైవాటికి దాదాపు ఇరవై రెట్లు. ప్రతి కొత్త జత 2 కళావరు తర్వాతి మాటల కోసం పేజీలు రాసుకుంటుంది. రోజూ వచ్చే 17 పాయింట్ల చెయ్యిని మాత్రం ఎలా చెప్పాలో మాట్లాడుకోదు. ఈ వ్యాసంలో నేను మధ్య చేతుల దగ్గర ఎక్కువసేపు ఆగడానికి కారణం ఇదే.

పాయింట్లు ఒక్కటే చూడకండి. ఆసులు, రాజులు పొడుగు సూట్లలో ఉంటే విలువ పెరుగుతుంది. రాణులు, జాకీలు రెండేసి ముక్కల సూట్లలో ఒంటరిగా కూచుంటే తగ్గుతుంది. పక్కన 10, 9 ఉంటే మంచిది. మంచి 5 ముక్కల సూటున్న 17ని మేం 18గానే చూస్తాం.

సమానంగా పంచుకున్న చెయ్యి: నిచ్చెన

ఇది అన్నిటికంటే తేలిక. సింగిల్టన్ (ఒకే ముక్క ఉన్న సూట్), వాయిడ్ (ఒక్క ముక్కా లేని సూట్) లేని చెయ్యైతే కింది నిచ్చెన మీద ఏ మెట్టో చూసుకోవడమే.

12 నుంచి 14: సూట్ ఓపెన్ చేసి తర్వాత 1 నోట్రంప్.
15 నుంచి 17: నేరుగా 1 నోట్రంప్.
18, 19: సూట్ ఓపెన్ చేసి తర్వాత దూకి 2 నోట్రంప్.
20, 21: నేరుగా 2 నోట్రంప్.
22 నుంచి 24: 2 కళావరు, తర్వాత 2 నోట్రంప్.
25 నుంచి 27: 2 కళావరు, తర్వాత 3 నోట్రంప్.

ఎక్కువమంది జారిపడే మెట్టు మూడోది. ఇస్పేటు రాజు, రాణి, 5. ఆఠీను ఆసు, జాకీ, 6. డైమన్ ఆసు, రాణి, 8, 4. కళావరు రాజు, 7, 3. ఇవి 19. 1 నోట్రంప్‌కి ఎక్కువ, 2 నోట్రంప్‌కి తక్కువ. 1 డైమన్ అనండి. పార్ట్‌నర్ 1 ఆఠీను అంటే దూకి 2 నోట్రంప్. అప్పుడు 6 పాయింట్లతో బిక్కుబిక్కుమంటూ బిడ్ చేసిన పార్ట్‌నర్ కూడా 19 ప్లస్ 6 కూడుకుని గేమ్‌కి వెళ్తాడు. ఇక్కడ మీరు హద్దు చెప్పేశారు కాబట్టి ఇక కెప్టెన్ అతనే. అతను 3 నోట్రంప్ అన్నాక "నాది 19 కదా" అని మళ్లీ నోరు తెరవకండి. 19 అని ఒకసారి చెప్పారు. రెండోసారి చెప్తే అతను దాన్ని 21 అనుకుంటాడు.

2 నోట్రంప్ తర్వాత పార్ట్‌నర్‌కి 3 కళావరు స్టేమన్ (4 ముక్కల ఆఠీను, ఇస్పేటు ఉన్నాయా అని అడగడం), 3 డైమన్, 3 ఆఠీను ట్రాన్స్‌ఫర్లు (నాది దీని పై సూట్, అది నువ్వు చెప్పు అనడం). 2 కళావరు తర్వాత వచ్చే 2 నోట్రంప్‌కీ ఇవే వర్తిస్తాయని విడిగా ఒప్పుకోండి. మా కాగితంలో అది లేక ఒకసారి బావ ట్రాన్స్‌ఫర్‌ని నేను డైమన్ సూటే అనుకున్నాను. ఆ బోర్డు సంగతి ఇక్కడ వద్దు.

ఒకే పొడుగు సూట్

ఇస్పేటు 6, ఆఠీను ఆసు, రాజు, జాకీ, 10, 7, 4, డైమన్ ఆసు, రాణి, 5, కళావరు రాజు, 8, 3. 17 పాయింట్లు, 6 ముక్కల మంచి సూట్. 1 ఆఠీను అన్నారు, పార్ట్‌నర్ 1 ఇస్పేటు అన్నాడు. 2 ఆఠీను అంటే 12, 13 పాయింట్ల చెయ్యి. 4 ఆఠీను అంటే ఎదుట ఏమున్నా నాకు అక్కర్లేదని. 3 ఆఠీను సరైనది: 16 నుంచి 18, కనీసం 6 ముక్కలు, రమ్మని ఆహ్వానమే తప్ప ఒత్తిడి లేదు. పార్ట్‌నర్ పాస్ చెయ్యవచ్చు. 8 ఉన్నా, 7లో ఒక ఆసు ఉన్నా చెయ్యకూడదు. ఇక్కడ జంప్‌కి అర్థం ఉంది కాబట్టి అది అరుపు కాదు.

రెండు సూట్లు: రివర్స్ అనే కొరకరాని కొయ్య

మా ఊళ్లో ఆడేవాళ్లలో రివర్స్ అంటే ముఖం చిట్లించనివాళ్లు తక్కువ. దాన్ని నియమంలా బట్టీపడితే గుర్తుండదు. కారణం తెలిస్తే మర్చిపోలేరు.

ఇస్పేటు 4, ఆఠీను ఆసు, రాజు, జాకీ, 6, డైమన్ ఆసు, రాణి, 10, 8, 3, కళావరు రాజు, జాకీ, 5. ఇవి 18. 1 డైమన్, 1 ఇస్పేటు. ఇప్పుడు 2 ఆఠీను. ఇదే రివర్స్.

ఈ బిడ్ పార్ట్‌నర్‌ని ఎక్కడ నిలబెట్టిందో చూడండి. అతనికి ఆఠీను నచ్చక మీ మొదటి సూటుకి తిరిగి వెళ్లాలంటే 3 డైమన్ అనాలి. 6 పాయింట్లతో ఉన్నవాణ్ని మూడో అంతస్తుకి ఎక్కిస్తున్నారు. అలా ఎక్కించే హక్కు మీకు రావాలంటే మీ దగ్గర బలముండాలి. అందుకే రివర్స్‌కి కనీసం 17, మొదటి సూట్ రెండోదానికంటే పొడుగు, పార్ట్‌నర్ ఒక రౌండ్ తప్పక మాట్లాడాలి. అదే 1 ఆఠీను తర్వాత 2 డైమన్ అంటే అతను 2 ఆఠీనుకి హాయిగా దిగిపోవచ్చు. కాబట్టి అది రివర్స్ కాదు, మామూలు చేతితోనూ అనవచ్చు. వెనక్కి వెళ్లాలంటే మెట్టు ఎక్కాలా, అక్కర్లేదా: తేడా అంతా అదే.

అదే ఆకారం, 13 పాయింట్లే ఉంటే? 1 డైమన్ తర్వాత ఆఠీను చూపించకండి. 1 నోట్రంపో, 2 డైమనో అనుకుని ఊరుకోండి. సూట్ ఉంది కదా అని చెప్పేస్తే పార్ట్‌నర్ 17 అనుకుంటాడు.

రివర్స్ విన్న పార్ట్‌నర్ ఏం చెయ్యాలన్నది ముందే ఒప్పుకోవాలి. మాకు 2 నోట్రంప్ బలహీనత, "3 కళావరు అను, నేను ఎక్కడో ఆపుతాను" అని. తన సూటే 2 స్థాయిలో మళ్లీ అంటే 5 ముక్కలు, ఇంకో రౌండ్ సాగాలి. మూడో స్థాయిలో సహజంగా ఏమన్నా గేమ్ దాకా ఆగకూడదు. ఈ మూడు వాక్యాలు లేకపోతే రివర్స్ ఆడకపోవడమే మేలు.

దీనికంటే పెద్ద చెయ్యైతే దూకి కొత్త సూట్ చెప్పాలి. ఇస్పేటు ఆసు, 5. ఆఠీను ఆసు, రాజు, జాకీ, 8, 4. డైమన్ ఆసు, రాజు, జాకీ, 7. కళావరు 6, 2. ఇవి 20. 1 ఆఠీను, 1 ఇస్పేటు, 3 డైమన్. 19, ఆ పైన. గేమ్ వచ్చేదాకా ఎవరూ పాస్ అనకూడదు. 17తో ఇలా దూకి, తర్వాత "కొంచెం ఎక్కువ చెప్పానేమో" అని నీళ్లు నమిలేవాళ్లని చూశాను. 17కి 2 డైమన్ చాలు. పార్ట్‌నర్ ఇంకోసారి మాట్లాడితే అప్పుడు పైకి వెళ్లవచ్చు.

పార్ట్‌నర్ సూటే మీకూ ఉంటే

నాకు బిడ్డింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

ఇస్పేటు: ఆసు, రాణి, 8, 4
ఆఠీను: రాజు, రాణి, 5
డైమన్: ఆసు, రాణి, జాకీ, 9, 3
కళావరు: 4

18 పాయింట్లు. 1 డైమన్ అంటే పార్ట్‌నర్ 1 ఇస్పేటు అన్నాడు. 2 ఇస్పేటు అంటే మామూలు చెయ్యి, 3 అంటే 16 నుంచి 18. 4 ఇస్పేటు అంటే గేమ్ బలం ఉంది, కానీ ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. ఇక్కడ చెప్పేది ఉంది: కళావరులో ఒక్క ముక్కే. దానికి బిడ్ 4 కళావరు. 2 కళావరు సహజం, 3 కళావరు పెద్ద రెండు సూట్ల చెయ్యి. అంతకంటే పైకి దూకితే అది స్ప్లింటర్: "ఇస్పేటు 4 ముక్కలున్నాయి, గేమ్‌కి బలముంది, కళావరు ఒకటో అరో." బలం, మద్దతు, ఆకారం మూడూ ఒక్క మాటలో. ఈ బిడ్ ఒక్కదానికీ ఇంత మెట్ల ఖర్చు న్యాయమే.

ఇప్పుడు ఎదుటి కుర్చీలో కూచోండి. రెండు చేతులిస్తాను, రెండూ 10 పాయింట్లే.

మొదటిది: ఇస్పేటు రాజు, 10, 7, 5, 2, ఆఠీను ఆసు, 8, 3, డైమన్ రాజు, 4, కళావరు 8, 6, 3.

రెండోది: ఇస్పేటు రాజు, 10, 7, 5, 2, ఆఠీను జాకీ, 8, 3, డైమన్ 8, 4, కళావరు రాజు, రాణి, జాకీ.

మొదటి చేతిలో కళావరులో ఒక్క పాయింటూ లేదు. అంటే 10 పాయింట్లూ పనికొచ్చేచోటే ఉన్నాయి. లెక్కపెట్టండి: ఇస్పేటు 5, ఆఠీను 3, డైమన్ 5 ట్రిక్కులు కనిపిస్తాయి. పోయేది ఒక్క కళావరు. ఇద్దరికీ కలిపి 28 పాయింట్లే, తురుపులు ఒకే చేతిలో 4 పేరుకోకపోతే 6 ఇస్పేటు నడుస్తుంది. రెండో చేతిలో కళావరులోని 6 పాయింట్లు ఒకే ముక్క ఉన్న సూట్ ఎదుట వృథాగా కూచున్నాయి. 4 ఇస్పేటు అని ఆగాలి. ఒకే పాయింట్లు, ఒకే ఓపెనర్, ఒకటి స్లామ్, ఒకటి గేమ్. ఓపెనర్ 4 ఇస్పేటు అని ఊరుకుని ఉంటే ఈ రెండింటి మధ్య తేడా దేవుడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

2 కళావరు

ఈ బిడ్‌కి కళావరు సూటుతో సంబంధం లేదు. 22, ఆ పైన పాయింట్లున్నాయని, లేదా ఎదుట దాదాపు ఏమీ లేకపోయినా గేమ్ కొట్టగల చెయ్యి ఉందని దీని అర్థం. పార్ట్‌నర్ సున్నాతోనైనా పాస్ చెయ్యకూడదు. పాత పద్ధతి నేర్చుకున్నవాళ్లు 2 ఇస్పేటు అంటే బలమనుకుంటారు. ఇప్పుడది మాకు 6 ముక్కలు, 6 నుంచి 10 పాయింట్లు. కొత్త పార్ట్‌నర్‌తో కూచుంటే ఈ ఒక్క మాట తప్పకుండా అడగండి.

జవాబుల్లో 2 డైమన్ అంటే "వింటున్నాను, చెప్పు" అని. మంచిదైనా చెడ్డదైనా చాలా చేతులు ఈ మాటే అంటాయి. 8 పాయింట్లు, ఆసు రాజు రాణిలో రెండున్న 5 ముక్కల సూట్ ఉంటేనే పార్ట్‌నర్ వేరే సూట్ చెప్పాలి. లేదంటే దారికి అడ్డం రాకపోవడమే ఉపకారం.

నా 23 పాయింట్ల చెయ్యి ఇలా సాగాల్సింది. నేను 2 కళావరు. బావ 2 డైమన్. నేను 2 ఇస్పేటు: నిజమైన సూట్, తప్పక సాగాలి. బావ 4 ఇస్పేటు. ఇక్కడ దూకడం బలహీనత. "ఇస్పేటు ఉంది, ఆసు, రాజు, సింగిల్టన్ ఏవీ లేవు" అని. ఏదైనా ఉంటే 3 ఇస్పేటు అని నెమ్మదిగా వెళ్లేవాడు, నాకు స్లామ్ అడిగే చోటు మిగిలేది. బలమున్నవాడు నెమ్మదిగా, లేనివాడు త్వరగా: గేమ్ ఖాయమైన ప్రతి సంభాషణలోనూ ఇదే నడుస్తుంది.

మద్దతూ లేక, పాయింట్లూ లేకపోతే? 2 ఆఠీనుకో, 2 ఇస్పేటుకో జవాబుగా 3 కళావరు మాకు రెండో నిరాకరణ: "నిజంగానే ఏమీ లేదు." ఆ తర్వాత ఓపెనర్ తన సూటే 3 స్థాయిలో మళ్లీ అంటే పాస్ చెయ్యవచ్చు. 2 కళావరు, 2 డైమన్, 2 నోట్రంప్ తర్వాత కూడా సున్నాతో పాస్ చెయ్యవచ్చు. ఈ రెండు చోట్ల తప్ప గేమ్ దాకా ఆగకూడదని మా ఒప్పందం.

ఒక హెచ్చరిక. డైమన్, కళావరు రెండూ పొడుగ్గా ఉన్న చేతులకి 2 కళావరు పెట్టకండి. ఇస్పేటు 3, ఆఠీను ఆసు, డైమన్ ఆసు, రాజు, రాణి, 7, 4, కళావరు ఆసు, రాజు, జాకీ, 10, 8, 3. 21 పాయింట్లు, చూస్తే నోరూరుతుంది. 2 కళావరు అంటే మొదటి సూట్ 3 దగ్గర, రెండోది 4 దగ్గర బయటికొస్తాయి. అప్పటికి 3 నోట్రంప్ దాటిపోతుంది. 1 కళావరు అనండి. అందరూ పాస్ చేసేస్తారేమోనన్న భయం వద్దు. మిగతా ముగ్గురి దగ్గర 19 పాయింట్లు, బోలెడన్ని ఇస్పేట్లు, ఆఠీన్లు ఉన్నాయి. ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

ఎదుటివాళ్లు ముందు ఓపెన్ చేస్తే

మాస్టారు 1 డైమన్ అన్నారు. మీ దగ్గర ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 10, 6, 4, ఆఠీను ఆసు, రాజు, 5, డైమన్ 7, కళావరు రాజు, జాకీ, 3. 18 పాయింట్లు. 1 ఇస్పేటు అంటే పార్ట్‌నర్ 10, 12 అనుకుంటాడు. ముందు డబుల్ (నీ సూట్ చెప్పు అని పార్ట్‌నర్‌ని అడగడం) చెయ్యండి, అతను 2 కళావరు అంటే అప్పుడు 2 ఇస్పేటు. డబుల్ చేసి తన సూట్ చెప్పాడంటే 17, 18కి తక్కువ కాదని. నోట్రంప్‌కీ ఇలాగే: 15 నుంచి 18 అయితే నేరుగా 1 నోట్రంప్, 19 పైన డబుల్ చేసి తర్వాత నోట్రంప్.

పార్ట్‌నర్ ఓపెన్ చేసి మీ దగ్గర 17 ఉంటే దూకాల్సిన పనేలేదు. కొత్త సూట్ చెప్తే అతను పాస్ చెయ్యలేడు. ఒక మెట్టు, మళ్లీ ఒక మెట్టు.

స్లామ్ వాసన వస్తే

4 నోట్రంప్ ఆసులు అడగడం ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు ఎక్కువమంది తురుపు రాజుని కూడా కలిపి 5 కీలక ముక్కలుగా అడుగుతారు. మా జవాబులు: 5 కళావరు అంటే 1 లేదా 4, 5 డైమన్ అంటే 0 లేదా 3, 5 ఆఠీను అంటే 2, 5 ఇస్పేటు అంటే 2తో పాటు తురుపు రాణి.

దీన్ని అడగకూడని చోట్లు రెండున్నాయి: మీ చేతిలో వాయిడ్ ఉంటే, లేదా ఏదో ఒక సూట్లో ఆసు, రాజు లేని రెండు చిన్న ముక్కలుంటే. జవాబు విన్నా ఏం చెయ్యాలో తెలియదు. పార్ట్‌నర్ 2 నోట్రంప్ ఓపెన్ చేస్తే 4 నోట్రంప్ ఆసులు అడగడం కాదు, "21 ఉంటే 6కి వెళ్లు" అని ఆహ్వానం. 12 ఉంటే ఆ మాట, 13 ఉంటే నేరుగా 6 నోట్రంప్.

ప్రెసిషన్ ఆడేవాళ్ల మాట

హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌కి ఇప్పటి స్కోరింగ్ రూపం ఇచ్చాడు. బలమైన చేతులన్నిటికీ 1 కళావరు వాడే పద్ధతి కూడా ఆయన మొదలుపెట్టిందే. సి. సి. వెయ్ రూపొందించిన ప్రెసిషన్‌తో తైవాన్ జట్టు 1969లో ప్రపంచ పోటీ అయిన బెర్ముడా బౌల్ ఫైనల్ దాకా వెళ్లాక అది ప్రపంచమంతా పాకింది. 16, ఆ పైన ఏ చెయ్యైనా 1 కళావరు, 7 లోపుంటే జవాబు 1 డైమన్. బలం మొదటి మెట్టు మీదే చెప్పేస్తారు కాబట్టి ఆకారానికి బోలెడు చోటు మిగులుతుంది. ఎదుటివాళ్లు మధ్యలో దూకి ఆ చోటు తినెయ్యడం దాని బాధ. నచ్చితే పూర్తిగా నేర్చుకోండి. సగం అది, సగం ఇది కలపొద్దు.

గొంతుతో చెప్పకండి

ఇళ్లల్లో ఆడేటప్పుడు అసలు బిడ్డింగ్ అంతా దగ్గుల్లో, కుర్చీ జరపడాల్లో నడుస్తుంది. "ఒ...క ఇస్పేటు" అని సాగదీస్తే 19 అని అర్థం. బ్రిడ్జ్ నియమాల ప్రకారం ఇది తప్పు. పార్ట్‌నర్ ఆలస్యం, స్వరం, ముఖకవళికల నుంచి తెలిసినదాన్ని వాడుకోకూడదు. మీ ఒప్పందాలు ఏమిటో అడిగే హక్కు ఎదుటివాళ్లకి ఉంది. పెద్ద పోటీల్లో బిడ్‌లు నోటితో కాక కార్డులతో పెట్టేది ఇందుకే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జ్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచారు. అప్పటికి బర్ధన్ వయసు 60. పేకాట అని మొహం తిప్పుకునే మా వదినకి ఈ సంగతి చెప్తే "అయితే ఆయన్లా ఆడండి, దగ్గడం మానండి" అంది. అప్పట్నుంచి మేం కూడా బిడ్ కార్డులు కొనుక్కున్నాం.

సాధన

బలమైన చెయ్యి వచ్చేదాకా కూచుంటే నెలలు పడుతుంది. ఇద్దరే ఉన్నా చెయ్యదగ్గ పని ఒకటి చెప్తాను. పేకలోంచి 2 నుంచి 6 దాకా ఉన్న 20 ముక్కలూ తీసేయండి. 32 మిగులుతాయి, 40 పాయింట్లూ వాటిలోనే. బాగా కలిపి 13 మీరు తీసుకోండి. మిగిలిన 19లో పక్కన పెట్టిన 20 కలిపి, మళ్లీ కలిపి, 13 పార్ట్‌నర్‌కి ఇవ్వండి. మీకు సగటున 16కి పైన వస్తాయి, అతనికి 8 లోపు. ఇద్దరూ బిడ్ చేసి, చివర ముక్కలు పరిచి చూసుకోండి. తర్వాత చేతులు మార్చండి. బలహీనమైన చెయ్యి వైపు కూచున్నప్పుడే ఎదుటివాడు ఏం చెప్పి ఉంటే బాగుండేదో తెలుస్తుంది. వేరే ఊళ్లో ఉన్న పార్ట్‌నర్‌తో అయితే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో కూచోవచ్చు.

తప్పిన ప్రతి చెయ్యినీ ఒక నోటు పుస్తకంలో రాయండి: నాలుగు సూట్లు, అన్న బిడ్‌లు, అనాల్సిన బిడ్‌లు. ఎవరి తప్పు అన్న గడి పెట్టకండి. మా పుస్తకంలో ఆ గడి రెండు వారాలే ఉంది, బావే చింపేశాడు. మొదటి పేజీలో ఇప్పటికీ ఆ 23 పాయింట్ల చెయ్యే ఉంది. పక్కన ఎర్ర సిరాతో 170 అని, దాని కింద "డ్రాఫ్ట్?" అని బావ చేతిరాత.